పెండ్లి, బజారు, దవాఖాన

బోరబండలో ఆ సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీ ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, వెనక నీలం ఆకాశం, ముందు ఒక తెల్లటి ఆవిడ. నున్నటి బుగ్గలు, గులాబి రంగు పెదాలు, కోల మొహం. కింద పేరు కూడా చదివాను. మా అక్క పేరే. ఆ పేరున్నవాళ్లు బోరబండలో ఇంకో పదిమందైనా ఉంటారు, ఎవరో పాపం అనుకుని ముందుకెళ్లిపోయాను. అక్క ఈ ఇంటికి మారాక నేను రావడం ఇదే మొదటిసారి. చివరికి కిరాణా కొట్టాయన్ని ఇల్లెక్కడని అడిగితే, "గా ఫ్లెక్సీ కట్టిన ఇల్లే మేడం. నాల్గు రోజుల సంది అందరు గిట్లనే దాటిపోయి మళ్లొస్తున్రు" అన్నాడు.

అందరూ అంటే జూనియర్ ఆర్టిస్టులు. సినిమాలో పెళ్లి జరిగితే అక్షింతలు వేసేవాళ్లు, బజారు చూపిస్తే బేరమాడేవాళ్లు, హీరో నడిచొస్తుంటే పక్కకి తప్పుకునేవాళ్లు. వాళ్లని షూటింగులకి పంపే ఏజెంట్ మా అక్క. తోడబుట్టింది కాదు, సెట్లో అందరికీ అక్కే. ముప్ఫయ్యేళ్లు తమ మొహాలు చూసి పనిచ్చిన మనిషిని వాళ్లు గుర్తుపట్టలేకపోయారంటే తప్పు వాళ్లది కాదు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది ఆవిడ కాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క పోయినప్పుడు నేను ఊళ్లో లేను. కథాచర్చలని బెంగుళూరులో కూర్చున్నాను. అయిదో రోజుకి వచ్చాను. లోపల ఆవిడ కూతురు చాప మీద కూర్చుని ఉంది. ముప్ఫయ్ నాలుగేళ్లుంటాయి. వెంగళరావు నగర్‌లో బ్యూటీ పార్లర్ నడుపుతుంది, పెళ్లికూతుళ్లని ముస్తాబు చేయడంలో మంచి పేరు. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు కాస్త తగ్గాక ఇక ఆగలేకపోయాను.

"ఎవడమ్మా ఆ ఫ్లెక్సీ చేసినవాడు? మీ అమ్మ మొహాన్ని అలా నాశనం చేశాడేంటి?" అన్నాను. నా నోరు అంతే, చావింట్లో కూడా ఊరుకోదు.

"నేనే చేసిన ఆంటీ. నా ఫోన్లనే చేసిన. దినాలకు గిదే ఇంక పెద్దగ కొట్టిస్తున్న. ఫ్రేమ్ కట్టిచ్చి గోడకు గూడ గిదే పెడ్త. ముప్ఫై ఏండ్లు అందర్ని రంగు చూసి నిలబెట్టింది గద. ఒక్కసారన్న తను తెల్లగ నిలబడనీ."

ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. ఆ కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. గుమ్మం దగ్గర ఆమె ఏడేళ్ల కూతురు గీతలు గీసుకుంటోంది, అమ్మమ్మ రంగే, అమ్మమ్మ ముక్కే. గోడకి ఆ ఫోటో ఎక్కిందంటే ఈ పిల్ల పెరిగే ఇంట్లో అమ్మమ్మ అంటే ఆ తెల్లటావిడే అవుతుంది. అసలు మనిషి మాయమైపోతుంది. పదకొండో రోజు దినాలకి ఇంకా టైముంది కదా అని ఆ పూటకి నోరు మూసుకుని లేచొచ్చాను.

అసలు మనిషి ఎలా ఉండేదో చెబుతాను. అక్క నలుపు. చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, ఖాయమైన నలుపు. వెడల్పాటి దవడలు, పరిచినట్టున్న ముక్కు, దానికి రెండు పక్కలా రెండు పుడకలు. నవ్వితే పై చిగుళ్లు కనిపించేవి, పళ్లు మాత్రం ఒక్కటీ పుచ్చలేదు. ఎడమ చేతి గాజులకి పిన్నీసుల గుత్తి వేలాడేది. ఎవరి కొంగు జారినా, ఎవరి జాకెట్టు వదులైనా అందులోంచి ఒకటి తీసి గుచ్చేసేది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది, కప్పుతో తాగితే టీ తాగినట్టే ఉండదట.

నేను తెనాలిదాన్ని. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, రెండేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, సినిమాలకి రాద్దామని వచ్చిపడ్డాను. రాసే పని ఎవడిస్తాడు? అసిస్టెంట్ డైరెక్టర్లలో చేర్చుకున్నారు. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఎవరికీ అక్కర్లేని పని నాకు అప్పజెప్పారు. గుంపుల్ని చూసుకోవడం. అలా అక్క దగ్గర పడ్డాను.

పొద్దున్న ఆరింటికి కృష్ణానగర్‌లో బస్సు పక్కన జనం వరస కట్టేవాళ్లు. ఆవిడ ఆ వరస పొడుగునా నడుస్తూ, ఒక్కొక్కరి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహాన్ని వెలుగు వైపు తిప్పేది, ఎర్రగడ్డ మార్కెట్లో వంకాయని తిప్పి చూసుకున్నట్టు. బొటనవేలు ఊపి ఒక్క మాట అనేది. "పెండ్లి." "బజారు." "దవాఖాన." పెండ్లి అంటే పట్టుచీర కట్టుకుని జూబ్లీహిల్స్ బంగళాల్లో హీరోయిన్ పక్కన నిలబడే మొహం. బజారు అంటే కూరగాయల బండి, బస్టాండు. దవాఖాన అంటే వార్డు బయట కూర్చునే రోగుల చుట్టాలు, కావాల్సొస్తే శవం చుట్టూ ఏడ్చేవాళ్లు కూడా. ఏ మొహానికీ మూడు సెకన్లకి మించి పట్టేది కాదు. ఎవరూ తిరిగి అడిగేవాళ్లు కాదు.

మొదటిరోజు నన్ను కూడా వరసలో మనిషే అనుకుని గడ్డం పట్టుకుంది. "దవాఖాన" అంది.

"నేను అసిస్టెంట్ డైరెక్టర్నండీ!" అన్నాను.

"గట్లనా? అయితే జర మంచిగ నిద్రపో బిడ్డా. కండ్ల కింద సంచులొచ్చినయ్" అని పక్క మొహానికి వెళ్లిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బస్సెక్కి అద్దంలో చూసుకున్నాను. సంచులున్నమాట నిజమే.

చదువుకున్న పొగరు నాకు బాగానే ఉండేది. ఫిల్మ్ నగర్ కొండ మీద ఒక సెట్లో, భోజనాల దగ్గర ఒకరోజు ఆవిడకి పాఠం మొదలుపెట్టాను. "అందం ఉత్తి మోజు కాదక్కా. అడవుల్లో బతికిన కాలం నుంచీ మన ఒంట్లో ఉన్న లెక్క" అన్నాను. నున్నటి చర్మం కనిపిస్తే రోగం లేదని, ఒత్తుగా జుట్టుంటే తిండి సరిగ్గా పడుతోందని, మొహం రెండు పక్కలా ఒకేలా ఉంటే ఎదుగుదల తిన్నగా జరిగిందని మన కళ్లు మనకి తెలియకుండానే చదివేస్తాయని చెప్పాను. మగ నెమలి పింఛం గురించి కూడా చెప్పాను. ఇంత బరువు మోస్తూ కూడా బతికే ఉన్నానంటే నేను గట్టి పిండాన్ని అని అది చాటుకుంటుందనీ, ఆడ నెమలి అది చూసే ఎంచుకుంటుందనీ.

అక్క పెరుగన్నం కలుపుతూ అంతా వింది. వేలు నాకి, "ఆడ నెమలి ఎట్లుంటది పంతులమ్మా?" అంది. ఆ రోజు నుంచి నా పేరు పంతులమ్మే.

"సాదాగా. మట్టి రంగులో."

"దానికెవడన్న పౌడర్ రాస్తడా?"

"ఎందుకు రాస్తారు?"

"గదే మరి. ఎంచేది అది గాబట్టి దానికి పౌడర్ అక్కర్లే. మన తాన ఎంచేటోడు మొగోడు, గందుకే పౌడర్ మన నెత్తిన పడ్డది."

ఎమ్మెస్సీలో నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. ఆవిడే మళ్లీ అందుకుంది.

"నువ్వు చెప్పింది సగం కరెక్టే పంతులమ్మా. పండ్లు, కండ్లు, ఎంటికలు. గివి ఏ దేశపోడైన సూస్తడు, పోరగాడు సూస్తడు, ముసలోడు సూస్తడు. గది దేవుని పని. రంగు, లావు, సన్నం మాత్రం డైరెక్టర్ పని. దేవుడు మారడు. డైరెక్టర్ దినాం మారుతుంటడు."

ఆ మార్పుని నేను నా కళ్లతో చూశాను. నేను చేరిన కొత్తల్లో పెండ్లి వరసలో అందరూ బొద్దుగా, చేతులు నిండుగా ఉండేవాళ్లు. పదేళ్లు గడిచేసరికి అదే వరసలో సన్నటివాళ్లు, మెడ ఎముకలు కనిపించేవాళ్లు చేరారు. బొద్దుగా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బజారు వరసలోకి జారిపోయారు. ఇదేంటక్కా అని అడిగితే నవ్వింది.

"మునుపు అన్నం కొందరికే దొర్కుతుండె. గందుకే బొద్దుగున్నోడు పెద్దోడు. గిప్పుడు అన్నం అందరికి దొర్కుతున్నది. తినకుండ కడుపు మాడ్చుకునుడే పెద్దోళ్ల పనైంది. రంగు గూడ గంతే. ఎండల పన్జేయనోడు తెల్లగుంటడు, గదే పెద్దింటి గుర్తు. రేపు పెద్దోళ్లంత ఎండల పండుకునుడు మొదలువెట్టనీ, నా బిడ్డలంత పెండ్లి లైన్లకే వస్తరు."

పదిహేనేళ్లుగా పెండ్లి వరసలో ముందు నిలబడిన ఒకావిడ, పాపం బాగా తెల్లగా, బొద్దుగా ఉండేది, తనని బజారుకి మార్చిన రోజు బస్సు దగ్గరే కూలబడి ఏడ్చింది. అక్క ఆవిడ పక్కన కూర్చుని కొంగుకి పిన్నీసు పెడుతూ, "నీ మొహమేం మారలేదే. సూసేటోళ్ల కండ్లు మారినయ్. గవి మల్ల మారుతయ్, ఏడ్వకు" అంది. అని ఊరుకోబెట్టింది కానీ వరస మాత్రం మార్చలేదు. పని దగ్గర అక్కకి మొహమాటం లేదు.

ఇంకోసారి ఒక సినిమాలో హీరోయిన్‌ది బస్తీలో పుట్టిన పిల్ల వేషం. ఆ అమ్మాయి ముంబై నుంచి వచ్చింది, మంచులా తెల్లగా ఉంది. పొద్దున్నే మూడు గంటలు కూర్చోబెట్టి ఒంటికి గోధుమరంగు పూశారు. చుట్టూ నిలబడటానికి బోరబండ నుంచి నలభై మంది వచ్చారు, పూయక్కర్లేకుండానే ఆ రంగు ఉన్నవాళ్లు. డైరెక్టర్ వాళ్లని రెండడుగులు వెనక్కి జరగమన్నాడు, హీరోయిన్‌కి పూసిన రంగు వాళ్ల పక్కన తేలిపోతోందని. అక్క నా చెవిలో, "పంతులమ్మా, గా పోరికి రంగు పూసుడుకు మూడు గంటలు. నా బిడ్డలకు దేవుడు పుట్టంగనే పూసిండు. మరి దేవుని మేకప్ ఎందుకు పన్కి రాలే?" అంది. నేను షాట్ మధ్యలో పకపకా నవ్వేసి తిట్లు తిన్నాను.

నవ్వాను కానీ, తర్వాత డైలాగులు రాసే అవకాశం వచ్చినప్పుడు నేనేం రాశాను? హీరోయిన్ తెర మీదకి రాగానే పక్కవాడి చేత వెన్నముద్ద అనిపించాను, పాలమీగడ అనిపించాను. నల్లటి అమ్మాయి వచ్చిందంటే అది కామెడీ సీనే. అలా రాస్తేనే జనం ఈల వేస్తారని నాకు గట్టి నమ్మకం. ఈలలు పడ్డాయి కూడా.

ఇక ఆ రోజు సంగతి. పదహారేళ్లయింది, అప్పటికే నేను మాటలు రాస్తున్నాను. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో పెళ్లి సీను, దాని వెనక గేటు బయట బజారు సీను, రెండూ ఒకే రోజు తీస్తున్నారు. ఇంటర్ పరీక్షలు రాసిన అక్క కూతురు సెలవుల్లో ఒక్కరోజు షూటింగులో నిలబడతానని సరదాపడింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. అమ్మ పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జడ నిండా మల్లెపూలు పెట్టుకుని, పెండ్లి వరసలో మూడోదిగా నిలబడింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. అచ్చం అక్కలాగే ఉంది, అదే దవడ, అదే ముక్కు, అదే నలుపు. నాకు ముద్దొచ్చింది.

అక్క వరస మొదటి నుంచి వచ్చింది. మొదటి మొహం పెండ్లి. రెండోది పెండ్లి. కూతురి దగ్గర ఆగింది. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, అందరికీ తిప్పినట్టే వెలుగు వైపు తిప్పింది.

"బజారు."

ఆ పిల్ల హాస్యం అనుకుని నవ్వింది. "అమ్మా, నేనే!"

"ఎర్కనే. బజారు. పోయి చీర మార్చుకో."

యాభై మంది చూస్తున్నారు. ఆ పిల్ల మొహంలో నవ్వు ఎటుపోయిందో పోయింది. తలొంచుకుని వెళ్లి, కాస్ట్యూమ్స్ మూటలోంచి ఒక పాత నేత చీర తీసి కట్టుకుని, గేటు బయట టమాటా రాశి వెనక కూర్చుంది. మల్లెపూలు తానే తీసేసింది. రోజంతా అక్కడే కూర్చుంది, మంచినీళ్లు కూడా తాగలేదు. మళ్లీ ఎప్పుడూ షూటింగుకి రాలేదు.

నేను అక్క మీద విరుచుకుపడ్డాను. టీ టైములో వ్యాను వెనక్కి లాక్కెళ్లి, "నీకేమైనా మతి పోయిందా? కన్నకూతుర్ని అలా అందరిలో..." అన్నాను.

అక్క సాసర్లో టీ పోసుకుంది. ఊదింది. తాగలేదు.

"నాకు పంతొమ్మిదేండ్లప్పుడు, గప్పటి ఏజెంటు నన్ను పెండ్లి లైన్ల నిలబెట్టిండు. పెండ్లికూతురు పక్కన. షాట్ రెడీ అన్నరు. డైరెక్టర్ మైకు తీస్కున్నడు. 'ఎవర్రా ఆ బొగ్గుముక్కని పెళ్లికూతురి పక్కన పెట్టింది, పీకి అవతల పడెయ్యండి' అన్నడు. మైకుల పంతులమ్మా. రెండొందల మంది నవ్విన్రు. గా నవ్వు ఇంక నా చెవులల్లనే ఉన్నది. గియ్యాల గూడ అసుంటోడే మైకు పట్టుకుని కూసున్నడు. నా బిడ్డకు గా మైకు వద్దు. నా నోటితోనైతే చిన్నగ అయిపోతది."

అయినా, "నువ్వు చేసింది తప్పక్కా" అన్నాను.

"కావొచ్చు. నువ్వు సదువుకున్నదానివి, నీకెర్క. గని నువ్వు గా మైకు వినలే." సాసర్లో టీ కింద పారబోసి లేచింది. "గీ ముచ్చట దానికి చెప్పకు. నన్ను గట్ల అన్నరని దానికి తెల్వొద్దు."

నేను ఒట్టు వేశాను. పదహారేళ్లు ఆ ఒట్టు మోశాను. ఆ పిల్ల మేకప్ కోర్సు నేర్చుకోవడం, పార్లర్ పెట్టడం, పెళ్లికూతుళ్లని రెండు షేడ్లు తెల్లగా చేయడంలో పేరు తెచ్చుకోవడం, అన్నీ చూశాను. అమ్మతో మంచిగానే ఉండేది, పండక్కి చీరలు పెట్టేది, జ్వరమొస్తే పరిగెత్తుకొచ్చేది. కానీ అమ్మతో కలిసి ఒక్క ఫోటో దిగేది కాదు.

ఎనిమిదో రోజున మళ్లీ బోరబండ వెళ్లాను. ఆమె ఒక్కతే ఉంది, దినాలకి సామాన్ల లిస్టు రాసుకుంటోంది. నేను కూర్చోగానే, "ఫ్లెక్సీ మాటైతే వద్దాంటీ" అంది.

"ఆ మాటకే వచ్చాను. ఆ ఫోటోలో ఉన్నావిడ మీ అమ్మ కాదు తల్లీ."

"తెల్లగుంటే అమ్మ గాదా?" అని నా వైపు తిరిగింది. "మీరు రాసిన డైలాగులే గద ఆంటీ నేను చూస్కుంట పెరిగింది. వెన్నముద్దలు, పాలమీగడలు. మీ సినిమాలల్ల నల్లపోరి నవ్వుడుకు తప్ప ఎప్పుడన్న వచ్చిందా? గిప్పుడు మీరొచ్చి నాకు చెప్తరా?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. "నిజమే," అన్నాను. "రాశాను. సిగ్గుగానే ఉంది. అది వేరే సంగతి, దానికి నన్ను ఎంతైనా తిట్టు. ముందు నేను చెప్పేది విను."

చెప్పేశాను. మైకు సంగతి, రెండొందల మంది నవ్వు, పారబోసిన టీ, నాతో వేయించుకున్న ఒట్టు. అంతా చెప్పాను. అవును, మాట తప్పాను. అవసరమైతే మళ్లీ తప్పుతాను. బతికున్నవాళ్లకి అక్కరకొచ్చే నిజాన్ని పోయినవాళ్ల కోసం దాచిపెట్టడం నాకు చేతకాదు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో పెన్నుకి మూత పెట్టింది.

"ఆంటీ, గా దినం డైరెక్టరే నన్ను తిట్టి పంపితే నాకు వాని మీద కోపమొచ్చేది. వాడెవ్వడు నన్ననుడుకు అని ఇంటికొచ్చి అమ్మ ఒళ్ల పండుకొని ఏడ్చేదాన్ని. అమ్మనే పంపింది గద. గందుకే నాకు అద్దం మీద కోపమొచ్చింది. పదహారేండ్ల సంది అద్దంతోనే కొట్లాడుతున్న."

నెమలి గురించి, అన్నం గురించి, ఎండ గురించి అంత తెలిసిన మనిషి, రంగు డైరెక్టర్ పని అని నాకు పాఠం చెప్పిన మనిషి, కన్నకూతురి దగ్గరకొచ్చేసరికి ఆ డైరెక్టర్ కళ్లతోనే చూసింది. భయం అంత పని చేయిస్తుంది. నేను అక్కని ఎంత ప్రేమించినా ఈ ఒక్కటి మాత్రం క్షమించలేను, అలాగని దానికి ఆవిణ్ని ప్రేమించకుండా ఉండనూలేను.

"గప్పుడు అమ్మకు ఎన్నేండ్లన్నరు?" అంది ఉన్నట్టుండి.

"పంతొమ్మిది."

"గా దినం నాకన్న ఒక్క ఏడాదే పెద్దది." పెన్ను పక్కన పెట్టేసింది. "ఎవ్వరికి చెప్పుకోలేదా అమ్మ?"

"నాకే చెప్పింది. అదీ నేను తిట్టాక."

"పాపం, పోరి" అంది. తన తల్లిని అంది ఆ మాట. అప్పుడు ఏడ్చింది.

నా ఫోన్లో ఒక ఫోటో ఉంది. కిందటేడు అక్క ఫిల్మ్ నగర్‌లో నా ఆఫీసుకి వచ్చినప్పుడు తీశాను. కిటికీ పక్కన కూర్చుంది, చేతిలో సాసరు, నేనేదో అన్నందుకు పగలబడి నవ్వుతోంది. ఎండ మొహం మీద సూటిగా పడుతోంది. చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూసింది.

"చిగుళ్లు గూడ కనవడ్తున్నయ్" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వినప్పుడు ఆమె చిగుళ్లు కూడా కనిపించాయి. "నాకు పంపుండ్రి ఆంటీ. షాపు బందయ్యే లోపట పోదాం."

ఫ్లెక్సీ షాపు బోరబండ మెయిన్ రోడ్డు మీదే ఉంది. షాపాయన మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోబెట్టి, ఫోటో కంప్యూటర్‌లో తెరిచాడు. అక్క తెర నిండా నవ్వింది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ మౌస్ మీదకి వెళ్లింది.

"ప్రింట్ల ఇంక నల్లగొస్తది అక్కా" అన్నాడు మెల్లగా. "జర బ్రైట్ చేస్త. అందరు గట్లనే చేపిస్తరు, దినాలకు మంచిగ కనవడాలె గద."

"ఏం చెయ్యకు" అంది అక్క కూతురు.

"రెండు పాయింట్లే అక్కా. మరీ డల్లైతే మల్ల నన్నే అంటరు. రంగు ఎంత ఉంచాల్నో నాకెట్ల తెల్వాలె?"

ఆమె లేచింది. పార్లర్ మనిషి, చావింట్లోంచి వచ్చినా మొహానికి పల్చగా పౌడరు ఉంది. పక్కనున్న నీళ్ల సీసాలోంచి కొంగు చివర తడుపుకుని, నుదురు, బుగ్గలు, గడ్డం గట్టిగా రుద్ది తుడిచింది. కొంగుకి తెల్లగా అంటింది. కౌంటర్ చుట్టూ తిరిగి లోపలికి వెళ్లి, కంప్యూటర్ పక్కన వంగి, తల్లి బుగ్గకి తన బుగ్గ ఆనించింది.

"నన్ను సూడన్నా," అంది. "గీ రంగు రావాలె."